బుగ్గలోయలో ఆఖరి చుట్టు

బుగ్గలోయకు అడవిశాఖ వాళ్లు గేటు పెట్టి, రంగుల బోర్డు కట్టి, ఎటు నడిచినా తిరిగి గేటు దగ్గరికే వచ్చేలా గుండ్రటి బాట వేయించారు. ఆ బాటను ప్రేమమ్మ నడిచినంతగా ఇంకెవరూ నడవలేదు. పొద్దున గేటు తీయడం, టికెట్లు చింపడం, జనం పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు ఏరడం ఆమె పని. సాయంత్రం ఈల ఊది అందరినీ బయటికి పంపి, లోపల ఎవరూ మిగల్లేదని ఆఖరి చుట్టు తిరిగి రావాలి. వచ్చాక గేటు పక్క వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను ఇనప కడ్డీతో కొట్టేది. లోయ ఖాళీ అయిందని గుర్తు.

ఆ గంట కోసం చెవులు రిక్కించి కూర్చునేది అడవిశాఖ వాళ్లు కాదు, లోయను ఆనుకుని మిరప వేసిన రైతులు. గంట వినపడగానే మోటారు డబ్బా మూత తీసి, చేను చుట్టూ మోకాలెత్తున కట్టిన ఇనప తీగకు కరెంటు తగిలించేవాళ్లు. అడవిపందుల కోసం. అది నేరమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ ఊసెత్తరు. గంట ఎందుకు కొడుతున్నావని ప్రేమమ్మను ఎవరైనా అడిగితే, గేటు మూశానని చెప్పడానికి అనేది. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఆ రైతుల్లో ఆమె సొంత తమ్ముడు బెన్నీ ఒకడు. కౌలు చేను. నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసిన ఏడాది తర్వాత, చేను చుట్టూ మూడు వరసలు మొక్కజొన్న వేస్తే పురుగు లోపలికి రాదని ఆఫీసరుగారు చెబితే బుద్ధిగా వేశాడు. పురుగు సంగతి దేవుడెరుగు గానీ, కండె పాలు పట్టేసరికి ఆ వాసనకు లోయలో పందులన్నీ దిగాయి. కండెలు తిన్నవి తిన్నట్టు పోతే సరిపోయేది. మిరపమొక్కల్ని కూడా వేళ్లతో సహా పెళ్లగించి పోయాయి. అప్పుడు తీగ కట్టాడు. పురుగుకు మొక్కజొన్న, మొక్కజొన్నకు పందులు, పందులకు కరెంటు. ఈ సేద్యాన్ని తిట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టి తిట్టాలో కూడా తెలియదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, టికెట్ గది ముందుకు ముప్పయ్యేళ్ల మనిషి ఒకామె వచ్చి నిలబడింది. కట్టుకున్నది నేతచీరే, అంచు బాగా వెలిసిపోయింది. నుదుట బొట్టు లేదు. చేతిలో ఒక గుడ్డసంచి ఉంది.

"లోయ చుట్టూ ఒక్కసారి తిరగాలండి. ఒక్కదాన్నే వచ్చాను. తోడు రాగలరా?" అంది.

"పిట్టల్ని చూడ్డానికా అమ్మా?"

"కాదండి. మా ఆయన ఇక్కడే పోయాడు. కార్తీకమాసంలో మంగళగిరి నుంచి వనభోజనాలకు వచ్చాం. నా పేరు గీతాంజలి. కోటి భార్యని."

ప్రేమమ్మ చింపబోయిన టికెట్ చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు ఈ మనిషి ముఖం చూడలేదు తను. జనం మధ్య నేలమీద పడి ఏడుస్తుంటే వీపు మాత్రం చూసింది. కోటి ముఖం బాగా గుర్తుంది. అతని కాళ్లు పట్టుకుని మోసింది తనే.

అసలు జరిగింది ఇది. వనభోజనాల రోజుకు మర్నాడు సమాధుల పండుగ. పాస్టరుగారు శ్మశానానికి వచ్చి ప్రార్థన చేసే వేళకు ఊళ్లో క్రైస్తవుల సమాధులన్నీ తెల్లగా ఉండాలి. భర్త జోసఫ్ సమాధికి చీకటి పడేలోగా సున్నం కొట్టాలని ప్రేమమ్మ తొందర. వనభోజనాల జనం పిల్లాజెల్లాతో బయటికి వచ్చి బస్సెక్కుతున్నారు. బస్సు నిండినట్టే కనపడింది. అంతా వచ్చేసి ఉంటారులే అనుకుంది. ఆఖరి చుట్టు తిరగకుండానే గంట కొట్టి, సున్నం డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఉద్యోగంలో అలా చేయడం అదే మొదటిసారి.

బస్సెక్కినవాళ్లలో కోటి లేడు. ఉసిరిచెట్టు కింద దీపం పెట్టిన ఇత్తడి పళ్లెం మర్చిపోయామని భార్య అంటే, తెస్తానని వెనక్కి వెళ్లాడు. పళ్లెం తీసుకున్నాడు. రోడ్డు మీద డ్రైవరు హారన్ మోగిస్తుంటే, బాట వెంట చుట్టూ రావడం ఎందుకని, పందులు చేసిన కంచె సందులోంచి బెన్నీ చేలోకి దిగాడు. అడ్డంగా పోతే రోడ్డు దగ్గర. తీగ మొక్కజొన్న వరసల్లో ఉంది.

బెన్నీ ఫోను చేస్తే ప్రేమమ్మ సున్నం చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ప్రాణం పోయింది. తమ్ముడు తలవైపు, తను కాళ్లవైపు పట్టుకుని, చేనుకు దూరంగా, గేటు వైపు మొదటి మలుపులో నారేపచెట్టు కింద పడుకోబెట్టారు. బస్సువాళ్లు ఫోన్ల వెలుతురులో వెతుక్కుంటూ వచ్చి చూశారు. నలభై దాటిన మనిషి, ఎండలో తిరిగాడు, కడుపునిండా తిన్నాడు, గుండె ఆగి ఉంటుందన్నారు ఎవరో. కాలి మీది గాయం రాయి తగిలి అయిందన్నారు ఇంకెవరో. ఆ మాటలకు ప్రేమమ్మ ఔననలేదు, కాదనలేదు. అదే బస్సులో శవాన్ని తీసుకుపోయారు.

ఇప్పుడు ఆ కోటి భార్య వచ్చి తోడు రమ్మంటోంది. కుదరదని ఒక్క మాట అంటే సరిపోయేది. ప్రేమమ్మ నోటికి ఆ మాట రాలేదు. టికెట్ చింపకుండానే గేటు తీసింది.

బాట మొదట్లో అంతా బలుసు, కలివి పొదలు. కొన్నిటికి పేర్లు రాసిన రేకులు తగిలించారు. కోతులు పీకేయగా మిగిలినవి వంకరగా వేలాడుతున్నాయి. బాట పైకి ఎక్కుతున్నా గీతాంజలి ఎటూ చూడకుండా నడిచింది. నారేపచెట్టు మలుపు రాగానే ఆగింది. చెప్పకుండానే గుర్తుపట్టింది. వంగి, అక్కడి మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చుంది.

"ఇక్కడి నుంచి ఉసిరిచెట్టు ఇంకా దూరం కదండీ?"

"దూరమే."

"అయితే పళ్లెం దాకా చేరనేలేదు. చేతిలో పళ్లెం లేదుగా." ఆమె లేచి చెయ్యి దులుపుకుంది. "'పరిగెత్తండి, బస్సు కదిలిపోద్ది' అన్నాను. నిజంగానే పరిగెత్తినట్టున్నాడు. వద్దులే, పోతే పోయిందిలే అన్నాడు ముందు. నేనే వినలేదు. మా అమ్మ ఇచ్చిన పళ్లెం."

ఇద్దరూ మళ్లీ నడిచారు.

"స్నానం చేయించేటప్పుడు చూశాను," అంది గీతాంజలి కొంత దూరం పోయాక. "చీలమండల దగ్గర సున్నం అంటుకుని ఉంది. రెండు కాళ్లకీ. అడవిలో సున్నం ఎక్కడిదా అని ఒకటే ఆలోచన."

"చెట్ల మొదళ్లకు కొడతారమ్మా, చెదలు పట్టకుండా. ఎక్కడో ఆనుకుని ఉంటాడు."

అబద్ధం ప్రేమమ్మ నోటికి తేలిగ్గానే వచ్చింది. ఆ సున్నం తన వేళ్లది. ఆ రాత్రి చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో, ఆయన కాళ్లు తుడవాలన్న సంగతి మాత్రం తట్టనేలేదు.

బుగ్గ దగ్గర నీళ్లు సన్నగా పారుతున్నాయి. గీతాంజలి రాయి మీద కూర్చుని, అడగకపోయినా చెప్పడం మొదలుపెట్టింది. మనిషి దొరికితే చాలు చెప్పుకోవాలన్నంత ఆకలి కనపడింది ఆ గొంతులో. ఇంట్లో మగ్గం మీద కోటి వేసిన పడుగు నూలు అలాగే ఉందట. సగం చీర నేసి ఉంది. మగ్గం గుంటలో దిగి మిగతాది తను నేస్తానంటే అత్త వెంకాయమ్మ ఒప్పుకోవడం లేదట.

"'ఇత్తడి పళ్లేనికి నా కొడుకుని అమ్మేశావు, ఆ మగ్గం ముట్టుకోకు' అంటది. వీధిలో ఎవరొచ్చినా అదే చెప్తది. నూలు కండెలు చుట్టి పెడుతున్నా. నేసేవాళ్లు లేరు. నేను చుట్టిన కండెలు అలాగే బుట్టలో ఉంటన్నాయి."

"పెద్దామె బాధ కొద్దీ అంటుంది."

"బాధ కొద్దీ అన్నా మాట మాటేనండి. గుండెజబ్బు ఆయనకి ముందునుంచే ఉందేమో, నాదేం తప్పని నేనూ ఎదురు చెప్తున్నా. కానీ లోపల నమ్మకం లేదు. అందుకే వచ్చా. ఎంత దూరం పరిగెత్తాడో, దారి ఎలాంటిదో చూస్తే తెలుస్తదనిపించింది. ఆసుపత్రికని చెప్పి వచ్చా."

చెప్పెయ్యి, అనుకుంది ప్రేమమ్మ. ఒక్క మాట. నీ తప్పు కాదమ్మా, మా తీగ. ఆ మాట అంటే తమ్ముణ్ణి పోలీసులు తీసుకుపోతారు. తన ఉద్యోగం పోతుంది, బహుశా తననూ తీసుకుపోతారు. అనకపోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఆ అత్త ముందు తల దించుకుని కండెలు చుట్టుకుంటూ కూర్చోవాలి. న్యాయం ఏదో తెలియక కాదు. తెలిసి కూడా ఆమె లేచి, "పొద్దు వాలుతోంది, నడుద్దాం" అంది. మనుషులు చాలామంది అంతే.

ఉసిరిచెట్టు కింద రాలిన కాయలు ఎండి నల్లబడి ఉన్నాయి. దీపాల నూనె మరకలు రాళ్ల మీద ఇంకా పోలేదు. గీతాంజలి చెట్టు చుట్టూ తిరిగి, ఆకులు కాలితో తోసి, పొదల్లోకి వంగి మరీ చూసింది.

"ఇక్కడే పెట్టానండి. ఈ రాయి మీదే. చేరనే లేదు కదా, మరి పళ్లెం ఏమైంది?"

"కోతులు ఎత్తుకుపోతాయమ్మా. కళ్లద్దాలే ఎత్తుకుపోతాయి."

"అంతేనేమో." ఆమె ఆ రాయి మీద చెయ్యి వేసి నిలబడింది. "దొరికితే తీసుకెళ్లి మా అత్త ముందు పారేద్దామనుకున్నా. ఇదిగో నువ్వు దెప్పే పళ్లెం, ఇంక నన్నొదిలెయ్ అందామని. అదీ లేదు."

పళ్లెం టికెట్ గదిలో, ఖాళీ సున్నం డబ్బాలో, గోనెపట్టా కింద ఉంది. మర్నాడు మిరపమొక్కల మధ్య బెన్నీకి దొరికితే తెచ్చి ఇచ్చాడు. నూతిలో పడేయమన్నాడు. ఆమె పడేయలేదు. ఎందుకు పడేయలేదో తనకే తెలియదు.

అక్కడి నుంచి బాట లోయ అంచుకు వచ్చి, కంచె పక్కనే గేటు వైపు సాగుతుంది. కంచెకు అవతల బెన్నీ చేను. మొక్కజొన్న ఎండి వట్టి దంటు మిగిలింది. మిరప మాత్రం ఈసారి బాగా పండింది. మొదటి కోతకు కూలీలు దిగారు. చేను చివర పాకకు బెన్నీ అప్పుడే క్రిస్మస్ స్టారు కట్టాడు. గట్టున నిలబడి ఉన్నవాడు అక్కను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏంటక్కా ఈ వేళప్పుడు? ఎవరామె?"

"పార్కు చూడ్డానికి వచ్చారు," అంది ప్రేమమ్మ. 'వెళ్లు' అని కళ్లతో చెప్పింది. వాడికి అర్థం కాలేదు.

"అన్నా, కాసిని మంచినీళ్లు ఇస్తారా? నోరెండిపోతోంది," అని అడిగింది గీతాంజలి.

బెన్నీ పరిగెత్తినట్టే వెళ్లి క్యాను తెచ్చి, కంచె సందులోంచి అందించాడు. కోటి ఏ సందులోంచి దిగాడో, అదే సందు. గీతాంజలి మొహం కడుక్కుని, కడుపునిండా తాగింది. క్యాను తిరిగి ఇస్తూ చేనులో పుల్లలకు కట్టిన తీగను చూసింది.

"ఆ తీగ దేనికన్నా?"

"గేదెలు పడకుండా," అన్నాడు బెన్నీ.

"పంట బాగుంది. చల్లగా ఉండు అన్నా. నీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి," అని ఆమె ముందుకు నడిచింది.

ప్రేమమ్మ ఒక్కక్షణం అక్కడే ఆగిపోయింది. ఆ చావు తర్వాత బెన్నీ తీగ తీసేశాడు. అన్నం తినలేకపోయాడు. కూతుళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఏడ్చాడు. ఒక ఆదివారం పొద్దున చేను సగం పెళ్లగించి కనపడేసరికి, ఏడుపు ఆపి మళ్లీ తీగ కట్టాడు. ప్రేమమ్మ మళ్లీ గంట కొడుతూనే ఉంది. ఇప్పుడు ఆఖరి చుట్టు ఒకటికి రెండుసార్లు తిరుగుతోంది. దాంతో పాపం తీరినట్టు తనకు తను చెప్పుకుంటోంది. వాడిది దుర్మార్గం కాదు, ఆమెదీ కాదు. అయినా ఒక మనిషి చచ్చిపోయాడు, ఇంకొక మనిషిని బతికుండగానే చంపుతున్నారు. ఆ ఆశీర్వాదం విన్నాక ఆమె తమ్ముడి వైపు చూడకుండా నడిచింది.

గేటు దగ్గరికి చేరేసరికి ఎండ కొండమీదికి పోయింది. గీతాంజలి చెప్పుల్లో రాయి దులుపుకుంది.

"మీ రుణం తీర్చుకోలేనక్కా. తోడు వచ్చారు. ఇంక నాకు తెలిసిపోయింది. ఆ పైకి ఎక్కే దారిలో పరిగెత్తమంటే ఎవరి గుండైనా ఆగుద్ది. మా అత్త అన్నది నిజమే. ఇన్నాళ్లూ వాదించా, ఇంక వాదించను. ఏం చెయ్యమంటే అది చేసుకుని పడి ఉంటా."

అంత మామూలుగా అంది, కూరలో ఉప్పు తక్కువైందని ఒప్పుకున్నట్టు. ప్రేమమ్మ టికెట్ గదిలోకి వెళ్లింది. డబ్బాలోంచి గోనెపట్టా తీసి పడేసింది. పళ్లెం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ఒకవైపు అంచు నల్లగా మాడి ఉంది.

గీతాంజలి పళ్లేన్ని, ప్రేమమ్మను మార్చి మార్చి చూసింది.

"నీ మొగుడు పళ్లెం తీసుకునే వచ్చాడమ్మా. గుండె ఆగలేదు. ఆయన ఆ మలుపులో పడలేదు. ఇందాక నువ్వు నీళ్లు తాగిన చోట పడ్డాడు. అది గేదెల తీగ కాదు, పందులకి పెట్టిన కరెంటు. ఆ నీళ్లిచ్చినోడు నా తమ్ముడు. లోపల ఎవరూ లేరని గంట కొట్టింది నేను. చుట్టు తిరగలేదు ఆ రోజు. తిరక్కుండా కొట్టేశా. ఇద్దరం మోసుకెళ్లి చెట్టుకింద పెట్టాం. నీ మొగుడి కాళ్లకున్న సున్నం నాది."

చెప్పడం అయిపోయింది. మీద పడి కొడుతుందని ఎదురుచూసింది ప్రేమమ్మ. కొడితే బాగుండేది. గీతాంజలి కొంగుతో పళ్లెం అంచు రుద్దింది. నలుపు పోలేదు. మళ్లీ రుద్దింది.

"అరిచాడా?"

ఈ ప్రశ్న వస్తుందని ప్రేమమ్మ అనుకోలేదు. అబద్ధం చెప్పడానికి ఇంకొక్క అవకాశం ఉంది, అది దయ కూడా అవుతుంది. కానీ ఆమెకు అబద్ధాలు అయిపోయాయి.

"అరిచాడు. బస్సు హారన్ మోతలో మీకు వినపడి ఉండదు. శ్మశానంలో సున్నం కొడుతున్న వాళ్లందరం విన్నాం. పంది పడిందనుకున్నాం." అక్కడితో ఆగితే సరిపోయేది. అయినా ఆపలేదు. "రేపు పండక్కి కూర దొరికిందిలే అని నవ్వుకున్నాం. మాకో పాలు ఉంచమని బెన్నీకి చెప్పండని నేనే అన్నా."

గీతాంజలి నేలమీద కూలబడింది. ఏడవలేదు. నోరు తెరిచి గాలి పీల్చుకుంది, అంతే. రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి పోయింది. ప్రేమమ్మ ఆమె పక్కన కూర్చోవడానికి సాహసించలేక, గేటు పట్టుకుని నిలబడింది. గీతాంజలి తల ఎత్తింది.

"ఈ మాట మా అత్త ముందు చెప్తారా?"

పోలీసుల ముందు అనలేదు, ఊరి ముందు అనలేదు. ఆమెకు కావలసింది వెంకాయమ్మ ఒక్కతే.

"చెప్తాను."

"పళ్లెంతో సహా? కూరమాటతో సహా?"

"అన్నీ చెప్తాను."

"అయితే రండి. చీకటి పడకముందే బస్సుంది."

ప్రేమమ్మ తాళం వేయకుండానే గేటు దగ్గరికి వేసి, చెయ్యి అలవాటుగా ఇనప కడ్డీ మీదికి పోతే వెనక్కి తీసుకుంది. ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చి, మైలురాయి దగ్గర ఎడంగా నిలబడ్డారు. పొద్దు గుంకుతుండగా ఫోను మోగింది. బెన్నీ.

"గంట కొట్టలేదేంటక్కా?"

"ఈల ఊదలేదు, ఆఖరి చుట్టు తిరగలేదురా. లోపల ఎవరున్నారో తెలీదు. తీగకు కరెంటు పెట్టొద్దు."

"ఏంటి, ఒంట్లో బాలేదా? ఎక్కడున్నావ్?"

"రోడ్డు మీద. నువ్వు ఇందాక నీళ్లిచ్చావే, ఆమె కోటి భార్య. ఆమెతో మంగళగిరి వెళ్తున్నా."

కూలీలు మిరపకాయల గోతాలు ఈడుస్తున్న చప్పుడు ఫోనులో వినపడింది. వాడు అరుస్తాడనుకుంది, బతిమాలతాడనుకుంది.

"పిల్లలు చిన్నోళ్లక్కా," అన్నాడు.

వాడూ ఫోను పెట్టేయలేదు, ఆమె కూడా పెట్టేయలేదు. సత్తెనపల్లి వైపు నుంచి బస్సు వచ్చి ఆగింది. గీతాంజలి ముందు ఎక్కి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పక్కసీటు మీద తన గుడ్డసంచి వేసి ఉంచింది. ప్రేమమ్మ ఆ సంచి తీసి పట్టుకుని, ఆమె పక్కన కూర్చుంది.